నూట తొంభై ఆరు అతుకులు

సోమవారం పొద్దున, క్వాంటం కంప్యూటరు ల్యాబులో గణితం చూసే లెక్కలావిడ స్టేప్లరు కోసం నేలమాళిగలోకి దిగేసరికి బాబాయ్ తన బల్ల ఖాళీ చేస్తున్నాడు.

ఆయన అక్కడ ఎవరికీ సొంత బాబాయ్ కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ల్యాబులో తీగలు అతికే పని ఆయనది. మొదట్లో పరిశోధన చేసే అమ్మాయి ఎవరో బాబాయ్ అని పిలిచింది. ఆ అమ్మాయి పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయింది, పిలుపు మాత్రం ఉండిపోయింది. ఆయనకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన డైరెక్టరు కూడా ఇప్పుడు బాబాయ్ అనే అంటాడు. వరసలు కలపడానికి ఖర్చేముంది గనక.

సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి అద్ది తుడిచాడు బాబాయ్. అది వేడిగా లేదు, తుడవాల్సిన పనీ లేదు. అయినా తుడిచి, దాని వైరును వదులుగా చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. పట్టకార్లు ఒక్కొక్కటే గుడ్డలో వరసగా పేర్చి చుట్టాడు. తలకు బిగించుకునే భూతద్దాన్ని మాత్రం పెట్టెలో పెట్టకుండా చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, బల్ల మారుస్తున్నారా?"

"బల్ల కాదమ్మా, మనిషినే మారుస్తున్నారు."

నవ్వుతూనే అన్నాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఐదుగురు సభ్యుల కమిటీ నిర్ణయించినట్టుగా, నైపుణ్య లోపం కారణంగా, నేటితో సేవలు ముగుస్తాయి. కింద ఐదు సంతకాలు. మూడో సంతకం లెక్కలావిడ భర్తది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న సంతకం, చివర తోకతో సహా.

"ఈ నైపుణ్య లోపం అనే ముక్క ఒక్కటీ లేకపోతే ఇంకో ల్యాబుకి పోయేవాణ్ణి. అది ఉన్న కాగితం పట్టుకెళ్తే గుమ్మం కూడా ఎక్కనివ్వరు" అన్నాడు బాబాయ్.

ఆయన వెనక యంత్రం వేలాడుతోంది. పళ్ళేల్లాంటి రాగి పలకలు ఒకదాని కింద ఒకటి, కిందికి పోయేకొద్దీ చల్లన. అన్నిటికన్నా కింది పలక ఎంత చల్లనంటే, చుక్కల మధ్య ఉండే శూన్యం దానికన్నా వెచ్చగా ఉంటుంది. ఆ పలకకు బొటనవేలి గోరంత చిప్పు, దాని మీద లెక్కలోని సంగతుల్ని గుర్తుపెట్టుకునే నలభై తొమ్మిది క్యూబిట్లు. ఒక్కో క్యూబిట్‌కీ పైనుంచి సూదంత సన్నని తీగ, ఒక్కో తీగకూ నాలుగు అతుకులు. ఆ నూట తొంభై ఆరు అతుకులూ బాబాయ్ చేతివి. అతికేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. అతికాక తీగను గోటితో మెల్లగా లాగి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏం వింటారు బాబాయ్ అని పిల్లలు అడిగితే, అది మీకు వినపడదులే అనేవాడు.

"ఏం తప్పు జరిగిందన్నారు?"

"రోజుకి లక్ష పైన రన్లు పాడైపోతున్నాయిట. నా అతుకులు వదులుట."

"మీరేమన్నారు?"

"ఏమంటానమ్మా? లెక్క చెప్తోందన్నారు. లెక్క అబద్ధం చెప్తుందా?"

లెక్కలావిడకు ఈ మాట గర్వంగా అనిపించాలి. అనిపించలేదు. ఆయన సొరుగులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి చూపించాడు. ఏ అతుకు ఏ రోజు వేశాడో, మీటరు మీద తీగ ఎంత చూపిందో, ఆ రోజు యంత్రం నడిపిన విడతల్లో, అంటే రన్లలో, ఎన్ని కొట్టేశారో, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. రెండు నెలల కిందట యంత్రాన్ని ఆపించి, పాత అతుకులన్నీ కత్తిరించేసి, మూడు వారాలు కూర్చుని మొత్తం నూట తొంభై ఆరూ కొత్తగా అతికాడు. దానికి ముందు రోజు పాడైన రన్లు లక్షా మూడు వేలు. తర్వాత రోజు లక్షా నాలుగు వేలు.

ఆవిడ వేలు ఆ రెండు అంకెల మీద ఆగింది. చిన్నప్పటి నుంచీ ఆవిడకో జబ్బు ఉంది. మారాల్సిన అంకె మారకపోతే నిద్ర పట్టదు.

"అన్నీ మార్చాక కూడా అంకె కదల్లేదంటే అర్థమేంటి బాబాయ్?"

"నా చెయ్యే బాగోలేదని. మళ్ళీ ఆ చేత్తోనేగా అతికింది!"

ఆయన దాన్ని జోకుగా అనలేదు. అప్పటికే అది బాగా ఆలోచించి తేల్చుకున్న మాటలా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది దొంగేనని సామెత. దొంగ కానివాళ్ళు కూడా తడుముకుంటారు, పాపం, ఇంకాస్త ఎక్కువ శ్రద్ధగా.

"ఈ పుస్తకం ఒక రోజు ఇస్తారా?"

"ఉంచుకోండమ్మా. నాకింకెందుకు?"

ఆవిడ స్టేప్లరు మర్చిపోయి మెట్లెక్కింది.

మంగళవారం ఆవిడ తన గది తలుపు వేసుకుని కూర్చుంది. మూడో అంతస్తు చివర, విరిగిన కుర్చీలు దాచే గదిలో సగం ఆవిడది. ఆరేళ్ళ కిందట ఆ ల్యాబు మొత్తానికి పునాదిలాంటి ఫలితాన్ని నిరూపించినందుకు ఇచ్చిన గౌరవం అది.

ఆ ఫలితం చెప్పాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. క్యూబిట్ మహా సుకుమారం. ముట్టుకుంటే చెడుతుంది, చూస్తే చెడుతుంది, ఊరికే వదిలేసినా కాసేపటికి చెడుతుంది. అందుకని ఒక్క సంగతిని ఒక్కదానికే చెప్పకుండా నలభై తొమ్మిదింటికి కలిపి అప్పగిస్తారు. ఒకటో రెండో తప్పినా మిగతావాటి సాక్ష్యాన్ని బట్టి సరిదిద్దుకోవచ్చు. సాక్షులు పెరిగేకొద్దీ తప్పు తగ్గుతుందని, ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చునని ఆవిడ నిరూపించింది. ఒకటే షరతు. ఒక సాక్షి తప్పడానికీ పక్క సాక్షి తప్పడానికీ సంబంధం ఉండకూడదు. సాక్షులంతా ఒకే బస్సులో వస్తే, ఆ బస్సు బోల్తా పడితే, ఎంతమందిని పిలిచి ఏం లాభం?

కొట్టేసిన రన్లను ఎవరూ చూడరు. వాటిని ఒక ఫైలులో పడేస్తారు, దాని పేరే చెత్తబుట్ట. ఆవిడ ఆ చెత్తబుట్టను తెరిచి, ఒక రోజు రన్లన్నీ వేళల వారీగా పేర్చింది. కంప్యూటరు బొమ్మ గీసి ఇచ్చినా ఆవిడకు తృప్తి లేదు. పాత ప్రింటు కాగితాల వెనక పెన్సిలుతో తానే చుక్కలు పెట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి చుక్కలు గుంపులు కట్టాయి. సుమారు పది సెకన్లకొక గుంపు, గుంపుకు పన్నెండు రన్లు. ప్రతి గుంపులోనూ ఒకటే కథ. నలభై తొమ్మిదీ దాదాపు ఒక్కసారే చెడిపోయి, మళ్ళీ అన్నీ కలిసి మెల్లగా కోలుకుంటున్నాయి.

వదులైన అతుకు అలా చెయ్యదు. అతుకు వదులైతే ఆ తీగ కింద ఉన్న క్యూబిట్ ఒక్కటే గొడవ చేస్తుంది, అది కూడా రోజంతా చేస్తుంది. ఇది పైనుంచి ఏదో వచ్చి చిప్పును తాకి పోతున్న వ్యవహారం. భౌతికశాస్త్రవేత్తతో ముప్పై ఏళ్ళు కాపురం చేసినందుకు ఆవిడకు ఆ మాత్రం తెలుసు. ఆకాశం నుంచి, గోడల్లోని రాళ్ళ నుంచి కంటికి కనపడని రేణువులు ఎప్పుడూ దూసుకుపోతూనే ఉంటాయి. మన ఒంట్లోంచి పోతాయి, మనకు తెలియదు. చిప్పులోంచి పోతే చిప్పంతా అదురుతుంది. ఏ సోల్డరింగూ దాన్ని ఆపలేదు. ఏ చెయ్యీ దానికి బాధ్యత వహించదు.

ఆవిడకు ఒక్క క్షణం చాలా సంతోషం వేసింది. లేచి నిలబడింది కూడా. బాబాయ్ చెయ్యి మంచిదని లెక్కే చెప్తోంది, ఇక ఎవరు కాదంటారు?

అప్పుడు, ఇంతకీ వీటిని చెత్తబుట్టలో వెయ్యమన్న మహానుభావుడెవరా అని ఆ ప్రోగ్రాము తెరిచింది. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్క నియమం, దాని పక్కన ఒక వివరణ. 'ఒకే రన్‌లో ఐదు కన్నా ఎక్కువ క్యూబిట్లు చెడితే ఆ రన్‌ను వదిలేయవచ్చు. సిద్ధాంతం ప్రకారం అలా జరగడం దాదాపు అసాధ్యం. వైరింగ్‌లో లోపం కావచ్చు.' కింద ఆవిడ పేరు, ఆరేళ్ళ కిందటి తేదీ.

ఆవిడ కూర్చుంది. ఆ వాక్యాలు తనవే. ఒక మధ్యాహ్నం కాగితం మీద గీకి భర్త చేతికి ఇచ్చినట్టు గుర్తుంది. సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళందరినీ ఆ సిద్ధాంతమే గుమ్మం బయట నిలబెట్టి, ఆరేళ్ళుగా లోపల తనకు తాను చప్పట్లు కొట్టుకుంటోంది. కమిటీవాళ్ళు పైన అసాధ్యం అన్న మాట చదివారు, కింద వైరింగ్ అన్న మాట చదివారు. మధ్యలో కావచ్చు అన్నది ఎవరికీ కనపడలేదు.

ఆ సాయంత్రం భర్త భోజనానికి కూర్చోగానే కంచం పక్కన ఆ పెన్సిలు చుక్కల కాగితం పెట్టింది. ఆయన కలుపుతున్న ముద్ద ఆపి చూశాడు. కాగితాన్ని ఎడమచేత్తో దగ్గరకు లాక్కున్నాడు.

"రేడియేషన్" అన్నాడు.

"మీకు తెలుసా?"

"అనుమానం ఉండేది. వేరే చోట్ల కూడా కొంతమంది అంటున్నారు. కానీ నీ సిద్ధాంతం ఉందిగా, తప్పులకి ఒకదానితో ఒకటి సంబంధం లేదని."

"సంబంధం లేకపోతే అని రాశాను నేను. ఉందో లేదో చెప్పాల్సింది మీరు. మిమ్మల్ని అడిగాను."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళ కిందట. గుమ్మంలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. వీటి తప్పులకి సంబంధం లేదనుకోవచ్చా అంటే, ఆఁ అనుకో అన్నారు."

"షూ లేసు కట్టుకునేవాణ్ణి అడిగే ప్రశ్నా అది?"

"షూ లేసు కట్టుకుంటూ చెప్పే జవాబా అది?"

ఇంకో రోజయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ ఇంట్లో లెక్కలకూ ఫిజిక్స్‌కూ పోట్లాట రోజూ ఉన్నదే, అది వాళ్ళకు పచ్చడి నంజుకున్నట్టు. ఆయన నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాడు.

"మేము లెక్కల్లో తేలిపోయింది కదా అనుకున్నాం" అన్నాడు మెల్లగా.

"నేను ఫిజిక్స్‌లో తేలిపోయింది కదా అనుకున్నాను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెళ్ళు ఈ ఇద్దరివి, మూట మోస్తున్నది నేలమాళిగలో మనిషి.

"బాబాయ్ కాగితం మీద మీ సంతకం ఉంది."

"కమిటీలో ఐదుగురం. అందరం పెట్టాం."

"ఐదుగురిలో ఒక్కరైనా ఆయన అతుకు చూశారా?"

ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి అడిగాడు. "నువ్వు చూశావా?"

ఆరేళ్ళలో ఆవిడ నేలమాళిగలోకి దిగింది ఐదుసార్లు. నాలుగు సార్లు స్టేప్లరు కోసమే.

బుధవారం పదింటికి ఆవిడ డైరెక్టరు గదిలో ఉంది. చెప్పాల్సిందంతా ఒక పేజీ మీద రాసుకుని వెళ్ళింది. సిద్ధాంతానికి పెట్టిన షరతు ఈ యంత్రం విషయంలో నిలబడదని, వడపోత నియమం తనదేనని, అది తప్పని, తీగలు అతికిన మనిషికి దీనితో ఏ సంబంధమూ లేదని. రాస్తున్నప్పుడు ఉద్యోగం పోతుందనుకుంది. పోతే పోనీ అని కూడా అనుకుంది. నిజానికి పోవాలనే కోరుకుంది.

డైరెక్టరు పేజీ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మొహం వెలిగిపోతూ చూశాడు.

"మేడమ్, ఇది లోపం కాదు. ఇది ఫలితం! ఆరేళ్ళ చెత్తబుట్ట ఉంది మన దగ్గర. ఇంత పొడుగు రికార్డు ఇంకెవరి దగ్గరా ఉండదు. రేణువు తగిలితే చిప్పు ఏమవుతుందో అంతా అందులోనే ఉంది. మీరూ మీవారూ కలిసి పేపరు రాసెయ్యండి. పేర్లు పక్కపక్కనే వేద్దాం, చూడ్డానికి కూడా బావుంటుంది."

"సార్, ముందు బాబాయ్ సంగతి."

"ఆఁ, అవునవును. పాపం బాబాయ్."

గుమాస్తాను పిలిచి రెండు వాక్యాలు చెప్పి రాయించాడు. మునుపటి ఉత్తర్వు రద్దు చేయడమైనది. సోమవారం నుంచి యథాప్రకారం విధుల్లో చేరవలసినది. సంతకం పెట్టడానికి కలం మూత తీసినంతసేపు కూడా పట్టలేదు, అంత సులువుగా అయిపోయింది.

"ఆయన అతుకుల్లో ఏ లోపమూ లేదని, తప్పు నాదని ఒక ముక్క చేర్చండి సార్."

"అవన్నీ ఎందుకు మేడమ్ ఇప్పుడు? కాగితం మీద తప్పు అని రాస్తే అది ఎక్కడెక్కడికి పోతుందో! ఆయనకి కావాల్సింది ఉద్యోగం. అది వచ్చేసిందిగా."

ఆవిడ ఇంకాస్త పట్టుబట్టవలసింది. పట్టుబట్టలేదు. రద్దు అన్న మాట కళ్ళెదుట కనపడుతుంటే ఆ కాగితం తీసుకుని బయటపడాలన్న తొందరే మిగతా అన్నిటినీ మింగేసింది.

గురువారం మధ్యాహ్నం అడ్రసు వెతుక్కుంటూ బాబాయ్ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు, మెట్ల కింద. ఆయన భార్య తలుపు తీసింది. బాబాయ్ భార్య కాబట్టి ల్యాబు వాళ్ళందరికీ పిన్ని. అందరూ అనడమే గాని ఎవరూ చూసిన పిన్ని కాదు.

"రండమ్మా, రండి. ఇల్లు కాస్త గందరగోళంగా ఉంది, ఏమీ అనుకోకండి."

గోడ వారగా రెండు టేబుల్ ఫ్యానులు, మూత విప్పిన రేడియో, ఇస్త్రీపెట్టె, పిల్లలాడుకునే బ్యాటరీ కారు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ ఎవరిదో పేరు రాసిన చీటీ కట్టి ఉంది. అన్నిటి మీదా దుమ్ము.

పిన్ని గొంతు తగ్గించింది. "చుట్టుపక్కలవాళ్ళవి. ఇదివరకు ఒక్కరోజు కూడా ఉంచేవారు కాదు. రెండు నెలలుగా ఇలాగే పడున్నాయి. పక్కింటావిడ ఫ్యాను అడగలేక, చెమటలు కక్కుకుంటూ కూర్చుంటోంది."

బాబాయ్ కిటికీ దగ్గర, వెలుతురుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తలకు భూతద్దం. ఒళ్ళో రేకు డబ్బా. ఆవిడను చూసి లేవబోతే డబ్బా కదిలింది, లోపల సన్నగా గలగలమంది. ఆవిడ వద్దని కూర్చోబెట్టి కాగితం చేతికిచ్చింది. నోటుబుక్కు కూడా పక్కన పెట్టింది.

ఆయన కాగితం చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు.

"చాలా సంతోషం అమ్మా" అన్నాడు. పిన్ని తలుపు పట్టుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అందులో రాయలేదు గాని, నేను చెప్తున్నాను బాబాయ్. మీ అతుకుల్లో ఏ తప్పూ లేదు. అది పైనుంచి వచ్చి తగిలే రేణువుల వల్ల. నేను పెట్టిన నియమం తప్పు. తప్పంతా నాది."

"మొదట్లో వేసినవి కూడా బాగానే ఉన్నాయా?"

"మొదటివీ బాగానే ఉన్నాయి. రెండోసారివీ బాగానే ఉన్నాయి. అందుకే అంకె మారలేదు."

బాబాయ్ తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. తర్వాత ఒళ్ళోని డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. గోరు ముక్కల్లాంటి రాగి తుంపులు, ఒక్కోదాని మధ్యలో ఆవగింజంత వెండి మెరుపు.

"కత్తిరించేసినవి. పారెయ్యలేదు. తప్పెక్కడుందో కనిపెడితే మళ్ళీ ఆ తప్పు చెయ్యకుండా ఉండచ్చని ఇంటికి తెచ్చుకున్నా. రోజుకి నాలుగైదు చొప్పున చూశానమ్మా. మొదట్లో ఏమీ కనపడలేదు. కనపడట్లేదంటే నాకు చూడ్డం కూడా రాదేమో అనుకున్నా. ఇంకా దగ్గరగా చూశా. అప్పుడు కనపడ్డం మొదలైంది. ఒకదానికి అంచు వంకర. ఒకదాంట్లో సూదిమొనంత బుడగ. ఒకటి మరీ మందం. మొత్తం నూట తొంభై ఆరింటిలోనూ ఏదో ఒకటి కనపడింది. ఒక్కటంటే ఒక్కటి కూడా బాగాలేదు."

"అలా వెతికితే దేంట్లోనైనా కనపడుతుంది బాబాయ్."

"అదేనమ్మా నేను చెప్పేది. ఇప్పుడు నాకు దేంట్లోనైనా అదే కనపడుతుంది."

ఆయన కుడిచెయ్యి ముందుకు చాచాడు. చెయ్యి వణకడం లేదు. ఆవిడ అదే ఆశగా చూసింది.

"వణుకు కాదు. ఐరన్ తీసుకుంటా, దగ్గరకు తీసుకెళ్తా, అక్కడ ఆగిపోతుంది. అదివరకు ఎక్కడ ఆనించాలో, ఎప్పుడు తియ్యాలో చెయ్యే చెప్పేది, నాకు తెలిసేది కాదు. ఇప్పుడు నన్ను అడుగుతోంది. నాకేం తెలుసు?" గోడ వారగా ఉన్న వరసను చూపించాడు. "బొమ్మ కారమ్మా అది. ఒక్క అతుకు."

"సోమవారం రండి. నేను కూడా కిందికి వచ్చి పక్కన కూర్చుంటాను."

ఆయన డబ్బాలోకే చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి చాచి ఆయన తల మీది భూతద్దం అడిగి తీసుకుంది. జీవితంలో మొదటిసారి దాన్ని కళ్ళకు పెట్టుకుని, డబ్బాలోంచి ఒక తుంపు పట్టకారుతో ఎత్తి వెలుతురులోకి తిప్పింది. అతుకు నున్నగా, కన్నీటి చుక్కలా నిండుగా, చుట్టూ సమానంగా ఉంది. అంత చిన్నదాన్ని అంత చక్కగా మనిషి చెయ్యి చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఇది బాగుంది" అంది.

పక్కన పెట్టి ఇంకోటి తీసింది. "ఇది బాగుంది." ఇంకోటి. "ఇదీ బాగుంది బాబాయ్, అంచు ఏమీ వంకర లేదు." ప్రతిదానికీ ఆయన మర్యాదగా, ఆఁ అమ్మా, ఆఁ అమ్మా అంటున్నాడు. పదకొండోది ఎత్తేసరికి ఆవిడకు అద్దంలో ఏమీ కనపడటం లేదు, కళ్ళు నిండిపోయాయి. అయినా బాగుంది అనే అంది.

ఆ మాట విని బాబాయ్ ఆవిడ వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆ పదకొండు తుంపుల్నీ వేలికొసలతో ఏరి డబ్బాలో వేసి, మూత నొక్కిపెట్టాడు.

"మీరు బాగున్నాయంటే బాగున్నట్టేనమ్మా" అన్నాడు. ఆయన గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. "అప్పుడూ మీ మాటే కదా నమ్మాను."

పిన్ని లోపల్నుంచి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, పెట్టడానికి చోటు లేక, పక్కింటివాళ్ళ ఫ్యానును కాస్త పక్కకి జరిపింది.